రోజువారీ ఇంగ్లీషు జాతీయాలు: నేర్చుకునే వరుస, వాడే పద్ధతి, దిద్దుకోవలసిన తప్పులు

వ్యాకరణం వచ్చు, పదాలూ తెలుసు, కానీ ఎదుటివాళ్లు సరదాగా నాలుగు మాటలు అనేసరికి ఏమీ బోధపడటం లేదని చాలామంది అడుగుతుంటారు. ఇంకొందరి ఇబ్బంది వేరు. వందల జాతీయాలు బట్టీపట్టారు, తీరా వాడితే వినేవాళ్లు వింతగా చూస్తున్నారు.

రెండింటికీ కారణం ఒకటే, నేర్చుకునే వరుస తలకిందులు కావడం. ముందు విని అర్థం చేసుకోవాలి, తర్వాత సరిగ్గా బదులివ్వడం రావాలి, ఆ తర్వాతే సొంతంగా వాడాలి. ఈ మార్గదర్శి ఆ వరుసలోనే సాగుతుంది.

1. మొదలుపెట్టే ముందు

అక్షరక్రమంలో ఉన్న జాతీయాల జాబితాలను ముందు పక్కన పెట్టండి. ఎవరూ అక్షరక్రమంలో మాట్లాడరు. పైగా అలాంటి జాబితాల్లో ఇప్పుడు ఎవరి నోటా వినిపించని మాటలు చాలా ఉంటాయి. జోరువానకు ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అనాలని ప్రతి జాబితా చెబుతుంది. అది అందరికీ అర్థమవుతుంది, కానీ పాతబడిన మాట. మామూలు సంభాషణలో ‘ఇట్స్ పోరింగ్’ అంటే చాలు.

సిద్ధం చేసుకోవలసినవి:

- నేర్చుకునేవారి కోసం తయారైన నిఘంటువు ఒకటి. కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్, లాంగ్‌మన్ సంస్థల నిఘంటువులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. లాంగ్‌మన్ తన అర్థ వివరణలను సుమారు 2000 తేలిక పదాలతోనే రాస్తుంది కాబట్టి మొదట్లో అది సులువు.
- సందర్భాల వారీగా పేజీలు విడదీసిన నోటుపుస్తకం. పలకరింపు, ఫోను, పని, డబ్బు, అనారోగ్యం, ఓదార్పు అనే ఆరు పేజీలతో మొదలుపెట్టవచ్చు.
- ముందుగా రాసుకుని చదవని సంభాషణలు. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే పాడ్‌కాస్టులు, ఇంటర్వ్యూలు ఇందుకు మంచివి. వార్తలు పనికిరావు, అవి చదివి వినిపించే భాష.
- మీరు ఎక్కువగా మాట్లాడేది ఏ దేశంవాళ్లతోనో ఒక స్పష్టత. బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా వాడుకల్లో తేడాలున్నాయి.

నిఘంటువులో అర్థంతో పాటు పక్కన ఉండే గుర్తును తప్పక చదవండి. ‘ఇన్‌ఫార్మల్’ అంటే చనువున్న చోట వాడేది. ‘ఓల్డ్-ఫ్యాషన్డ్’ అంటే అర్థం తెలిస్తే చాలు, వాడనక్కరలేదు. ‘అఫెన్సివ్’ అని ఉంటే దాని జోలికి వెళ్లవద్దు.

2. ఒక్కో మాటను నాలుగు ముక్కలుగా రాసుకోండి

మాట, దాని పక్కన తెలుగు అర్థం రాసుకుంటే అది గుర్తుంటుంది కానీ నోటికి రాదు. ప్రతి మాటకూ ఈ నాలుగూ రాయండి:

- ఏ సందర్భంలో అంటారు?
- ఎవరు ఎవరితో అంటారు?
- పూర్తి వాక్యం ఏమిటి?
- దానికి బదులేమిటి?

‘ఐయామ్ గుడ్’ సంగతి చూడండి. సందర్భం: ఏదైనా తింటారా, తాగుతారా అని అడిగినప్పుడు. ఎవరు: స్నేహితులు, సహోద్యోగులు. పూర్తి వాక్యం: ‘ఐయామ్ గుడ్, థ్యాంక్స్’. భావం: నాకు వద్దు. బదులు: ‘ఓకే, లెట్ మీ నో ఇఫ్ యు ఛేంజ్ యువర్ మైండ్’. నేను మంచివాణ్ని అని మాత్రమే రాసుకున్నవారికి ఇందులో ఏదీ అందదు.

నాలుగోదాన్ని చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది అదే. సంభాషణ ఆగిపోయేది మాట తెలియక కంటే, బదులు తోచక.

3. తేలిక పదాలతో మోసపుచ్చే మాటలు ముందు

బొమ్మకట్టే జాతీయాలు అంత ప్రమాదకరం కావు. ‘స్పిల్ ద బీన్స్’ అని వినగానే ఇక్కడ గింజల ప్రసక్తి లేదు, ఇంకేదో ఉందని తెలిసిపోతుంది, రహస్యం బయటపెట్టడమని వెతికి తెలుసుకుంటాం. ప్రతి పదమూ తెలిసి, వాక్యం కూడా తెలిసినట్టే అనిపించి, అర్థం మాత్రం ఇంకొకటి అయ్యే మాటలతోనే అసలు చిక్కు. వీటిని మొదటి నెలలోనే పూర్తి చేయండి.

‘టెల్ మీ అబౌట్ ఇట్’. మీరు పని ఎక్కువైందని అన్నారు, ఎదుటివారు ఈ మాట అన్నారు. వివరంగా చెప్పమని కాదు. నాకు తెలియనిదా, నాదీ అదే పరిస్థితి అని. ఇక్కడ ‘మీ’ మీద ఒత్తు పడుతుంది, గొంతు చివర్లో కిందికి దిగుతుంది. నిజంగా చెప్పమని అడిగేటప్పుడు ఆ ఒత్తు ఉండదు.

‘యు కెన్ సే దట్ అగైన్’. మళ్లీ చెప్పనవసరం లేదు. మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజమని అర్థం. ఒత్తు ‘దట్’ మీద.

‘యు ఆల్‌రైట్?’ బ్రిటన్‌లో ఇది పలకరింపు. ఒంట్లో బాగాలేనట్టు కనిపిస్తున్నానా అని కంగారు పడకండి. ‘యా, యు?’ అంటే సరిపోతుంది. అమెరికాలో ఇదే మాట తరచుగా నిజమైన పరామర్శ అవుతుంది. అక్కడ పలకరింపుకు ‘వాట్స్ అప్?’, ‘హౌ ఈజ్ ఇట్ గోయింగ్?’ వినిపిస్తాయి. మొదటిదానికి ‘నాట్ మచ్’, రెండోదానికి ‘ప్రెటీ గుడ్, యు?’ అనండి. వీటికి ఆరోగ్యం గురించి నాలుగు వాక్యాల వివరణ ఇవ్వకూడదు.

‘బీ మై గెస్ట్’. ఈ కుర్చీ తీసుకోవచ్చా అని అడిగితే వచ్చే బదులు. అతిథిగా రమ్మనడం కాదు, నిరభ్యంతరంగా తీసుకోండి అనడం.

‘సూట్ యువర్‌సెల్ఫ్’. పైకి నీ ఇష్టం అన్నట్టే ఉంటుంది, కానీ అందులో చిన్న విసుగు ఉంటుంది. మర్యాదగా చెప్పదలిస్తే ‘ఇట్స్ అప్ టు యు’ మేలు. దాన్ని కూడా ముక్తసరిగా అంటే పట్టనట్టు వినిపిస్తుంది కాబట్టి గొంతులో కాస్త మెత్తదనం ఉండాలి.

‘ఫెయిర్ ఇనఫ్’. మీరు చెప్పినదాంట్లో న్యాయం ఉంది, ఒప్పుకుంటున్నాను అని. పూర్తిగా సంతోషించారని మాత్రం అనుకోకండి.

‘వి షుడ్ క్యాచ్ అప్ సమ్‌టైమ్’. స్నేహంగా అన్న మాటే, కానీ పిలుపు కాదు. రోజు, వేళ చెప్పినప్పుడే అది పిలుపు. నిజంగా కలవాలని మీకు ఉంటే ‘హౌ అబౌట్ సాటర్‌డే?’ అని మీరే తేల్చండి.

4. సందర్భాల వారీగా తొలి సంచి

అన్నీ ఒకేసారి మీద వేసుకోవద్దు. మీకు ఈ వారం ఎదురయ్యే సందర్భాన్ని ఎంచుకోండి.

ఫోనులో: ‘హ్యాంగ్ ఆన్’ అంటే ఒక్క నిమిషం ఆగండి. ‘హ్యాంగ్ అప్’ అంటే ఫోను పెట్టేయడం. ఈ రెండింటినీ కలగలిపితే సంభాషణ అక్కడే ముగిసిపోతుంది. ‘యు ఆర్ బ్రేకింగ్ అప్’ అంటే మీ గొంతు తెగిపోతూ వినిపిస్తోందని. కొంచెం మర్యాదగా ఆగమనడానికి ‘బేర్ విత్ మీ’ బాగుంటుంది.

పనిచోట: ‘కీప్ మీ పోస్టెడ్’ అంటే ఎప్పటికప్పుడు తెలియజేయండి. ‘ఐ విల్ గెట్ బ్యాక్ టు యు’ అంటే కనుక్కుని చెబుతాను. ‘లెట్స్ కాల్ ఇట్ ఎ డే’ అంటే ఈ పూటకు చాలిద్దాం. ‘ఆర్ వి ఆన్ ద సేమ్ పేజ్?’ అంటే మనమిద్దరం ఒకే అవగాహనతో ఉన్నామా అని. ‘బ్యాక్ టు స్క్వేర్ వన్’ అంటే పని మళ్లీ మొదటికొచ్చింది. ‘కట్ కార్నర్స్’ విషయంలో జాగ్రత్త. పని త్వరగా ముగించారని మెచ్చుకోవడానికి కాదు, నాణ్యత పక్కన పెట్టి అడ్డదారి తొక్కారనే నింద అది.

డబ్బు దగ్గర: ‘ఇట్స్ ఆన్ మీ’ అంటే బిల్లు నాది. ‘ఇట్స్ ఆన్ ద హౌస్’ అంటే హోటలువాళ్లు ఉచితంగా ఇస్తున్నారు. ఒక్క మాట మారితే డబ్బు కట్టేది ఎవరన్నదే మారిపోతుంది. ఎవరి వాటా వారు ఇద్దామనడానికి బ్రిటన్‌లో ‘స్ప్లిట్ ద బిల్’, అమెరికాలో ఎక్కువగా ‘స్ప్లిట్ ద చెక్’. ధర మండిపోతోందనడానికి ‘ఇట్ కాస్ట్ ఎన్ ఆర్మ్ అండ్ ఎ లెగ్’. అన్యాయంగా దండుకున్నారనడానికి ‘ఇట్స్ ఎ రిప్-ఆఫ్’. ఈ చివరిది అమ్మేవారి ముఖం మీద అనే మాట కాదు.

నిర్ణయాల్లో: ‘లెట్ మీ స్లీప్ ఆన్ ఇట్’ అంటే రేపటిదాకా ఆలోచించనివ్వండి. ‘లెట్స్ ప్లే ఇట్ బై ఇయర్’ అంటే ముందే తేల్చుకోకుండా అప్పటి పరిస్థితిని బట్టి చూద్దాం. ‘కెన్ ఐ టేక్ ఎ రెయిన్ చెక్?’ అంటే ఈసారికి కుదరదు, ఇంకోసారి పిలవండి అని. ఇది అమెరికా వాడుక, కాదనడంలో మర్యాద నేర్పే చక్కటి మాట.

అనారోగ్యం, దుఃఖం: ఇక్కడ పొరపాటు మనసును నొప్పిస్తుంది. ‘అండర్ ద వెదర్’ జలుబుకు, నలతకు మాత్రమే. ఆపరేషను జరిగినవారి గురించి, పెద్ద జబ్బు చేసినవారి గురించి అలా అనకూడదు. ‘బ్రేక్ ఎ లెగ్’ వేదికనెక్కేవారికి చెప్పే శుభాకాంక్ష. పరీక్షకో, ఆస్పత్రికో వెళ్లేవారికి ‘గుడ్ లక్’, ‘ఫింగర్స్ క్రాస్డ్’ చాలు. ‘కిక్ ద బకెట్’ మరణం గురించి తేలిగ్గా అనే మాట. ఎవరైనా పోయినప్పుడు దాన్ని తలచనే వద్దు. ‘పాస్డ్ అవే’ అనండి, దగ్గరివాళ్లతో ‘ఐయామ్ సో సారీ ఫర్ యువర్ లాస్’ అనండి. ఓదార్పు వేళ జాతీయాలన్నీ పక్కన పెట్టి సూటిగా, తక్కువగా మాట్లాడటమే మంచిది.

5. ఏది మారుతుంది, ఏది మారదు

జాతీయంలో క్రియ కాలాన్ని బట్టి మారుతుంది. ‘స్పిల్ ద బీన్స్’ నిన్నటి సంగతైతే ‘షీ స్పిల్డ్ ద బీన్స్’. కానీ ‘బీన్స్’ను ‘బీన్’ చేయలేం.

కొన్నింట్లో మనిషిని బట్టి మారే చోటు ఉంటుంది. ‘ఆర్ యు పుల్లింగ్ మై లెగ్?’, ‘ఐ వాజ్ పుల్లింగ్ హిజ్ లెగ్’. ఇలాంటివి రాసుకునేటప్పుడు ఆ చోట చుక్కలు పెట్టుకోండి: పుల్ ... లెగ్.

ఏకవచన, బహువచనాలు చాలా వాటిలో కదలవు. మూడు పనులు తేలికగా అయ్యాయని చెప్పాలన్నా ‘దే వర్ ఎ పీస్ ఆఫ్ కేక్’ అనే అంటారు, ‘పీసెస్’ అనరు. వరుస కూడా అంతే. ‘ఎన్ ఆర్మ్ అండ్ ఎ లెగ్’ను ‘ఎ లెగ్ అండ్ ఎన్ ఆర్మ్’ చేస్తే విన్నవాళ్లు తడుముకుంటారు.

తెలుగువారికి ఎక్కువగా జారిపోయేది ‘ఎ’, ‘ద’. మన భాషలో అలాంటి పదాలు లేకపోవడం వల్ల అవి చెవిన పడినా నోట్లోకి రావు. ‘ఆన్ హౌస్’, ‘కాల్ ఇట్ డే’ అని అనేస్తాం. మొత్తం మాటను ఒకే ఊపిరిలో, ఒకే పదంలా పలకడం అలవాటు చేసుకుంటే అవి వాటంతట అవే కుదురుకుంటాయి.

6. తెలుగు జాతీయాలను మూడు కుప్పలు చేయండి

మనసులో తెలుగు జాతీయం మెదులుతుంది, దాన్ని మాటకు మాట ఇంగ్లీషులో పెడతాం. కొన్నిసార్లు సరిపోతుంది, చాలాసార్లు సరిపోదు. అందుకే ముందే విడదీసి పెట్టుకోవాలి.

మొదటి కుప్ప, ఉన్నవి ఉన్నట్టు సరిపోయేవి. మొసలి కన్నీరు ‘క్రోకడైల్ టియర్స్’. ఒకే దెబ్బకు రెండు పిట్టలు ‘టు బర్డ్స్ విత్ వన్ స్టోన్’. గాలిలో మేడలు ‘కాసిల్స్ ఇన్ ది ఎయిర్’. అగ్నికి ఆజ్యం పోయడం ‘యాడ్ ఫ్యూయల్ టు ద ఫైర్’. వీటికి శ్రమ అక్కరలేదు.

రెండో కుప్ప, భావం ఒకటే కానీ బొమ్మ వేరు. నల్లేరు మీద నడక ‘ఎ పీస్ ఆఫ్ కేక్’. గోరుచుట్టు మీద రోకటిపోటుకు దగ్గరగా ‘టు మేక్ మ్యాటర్స్ వర్స్’ అంటారు. చేతులెత్తేయడం ‘త్రో ఇన్ ద టవల్’. ఇక్కడ ‘త్రో అప్’ అనకండి, దానికి వాంతి చేసుకోవడమని అర్థం. నా తల తినకు అనడానికి ‘స్టాప్ బగ్గింగ్ మీ’, అదీ బాగా చనువున్నచోటే.

మూడో కుప్ప ప్రమాదకరమైనది: బొమ్మ ఒకటే, భావం వేరు. ఎదుగుతున్నవారి కాళ్లు పట్టి లాగడమంటే మనకు అసూయతో కిందికి దించడం. ఇంగ్లీషులో ‘పుల్ సమ్‌వన్స్ లెగ్’ అంటే లేనిది ఉన్నట్టు చెప్పి సరదాగా ఆటపట్టించడం మాత్రమే. చేయి ఇచ్చాడంటే మనకు నమ్మించి మోసం చేశాడని. ‘గేవ్ మీ ఎ హ్యాండ్’ అంటే సాయం చేశాడని, అంటే పూర్తిగా తిరగబడ్డ అర్థం. వస్తానని చెప్పి రాకపోతే ‘హి స్టుడ్ మీ అప్’, నమ్మకం వమ్ము చేస్తే ‘హి లెట్ మీ డౌన్’ అనాలి.

7. దేశాన్ని బట్టి తేడాలు

అన్నీ తెలుసుకోనక్కరలేదు. పనికి అడ్డుపడేవి కొన్నే.

సమావేశంలో ‘లెట్స్ టేబుల్ దిస్’ అంటే బ్రిటన్‌లో ఈ విషయాన్ని చర్చకు పెడదామని, అమెరికాలో ప్రస్తుతానికి పక్కన పెడదామని. రెండు దేశాలవారూ ఉన్న చోట ఈ మాటే వాడవద్దు.

‘క్వైట్ గుడ్’ అమెరికన్ నోట మంచి మెప్పు. బ్రిటిష్ నోట తరచుగా ఫరవాలేదనే స్థాయి. అదే బ్రిటిష్ వ్యక్తి ‘నాట్ బ్యాడ్’ అంటే బాగుందని అనుకోవచ్చు.

‘చీర్స్’ బ్రిటన్‌లో కృతజ్ఞత కూడా. ‘నో వరీస్’ ఆస్ట్రేలియా నుంచి అన్నిచోట్లకూ పాకింది. దిష్టి తగలకూడదని బ్రిటన్‌లో ‘టచ్ వుడ్’, అమెరికాలో ‘నాక్ ఆన్ వుడ్’ అంటారు.

8. మాట ఇంకా బతికే ఉందో లేదో చూడటం

కొత్త మాటను నోటుపుస్తకంలోకి ఎక్కించే ముందు ఇలా పరీక్షించండి.

- నిఘంటువు గుర్తు చూడండి.
- యూగ్లిష్ వెబ్‌సైటులో ఆ మాట టైపు చేయండి. నిజమైన వీడియోల్లో ఎవరెవరు ఎలా పలికారో వరుసగా వినిపిస్తుంది. అమెరికా, బ్రిటన్ అంటూ విడిగా ఎంచుకునే వీలుంది.
- ఇంకా లోతుగా చూడాలంటే భాషా భాండాగారాలు (కార్పస్‌లు) ఉన్నాయి, అంటే జనం నిజంగా రాసిన, మాట్లాడిన భాషను పోగుచేసి వెతుక్కునే వీలు కల్పించిన పెద్ద సేకరణలు. బ్రిటిష్ నేషనల్ కార్పస్‌లో సుమారు 10 కోట్ల పదాలున్నాయి, కానీ అందులోని పాఠాలు 20వ శతాబ్దం చివరివి. సమకాలీన అమెరికన్ ఇంగ్లీషు భాండాగారంలో 1990 నుంచి 2019 వరకు 100 కోట్లకు పైగా పదాలున్నాయి, అందులో మాట్లాడే భాషకు వేరే విభాగం ఉంది.

జాతీయం ఎలా పుట్టిందన్న కథల వెంట పడకండి. ఇంటర్నెట్‌లో తిరిగే కథల్లో చాలావాటికి ఆధారం లేదు. ఆ కథ తెలిసినంత మాత్రాన ఆ మాట ఎక్కడ వాడాలో తెలియదు కూడా.

9. వారం సాధన

వారానికి అయిదు మాటలు చాలు. ఎక్కువ పెట్టుకుంటే ఏదీ నిలవదు.

మొదటి రెండు రోజులు వినడమే. ఆ అయిదూ వచ్చే చోట్లు వెతికి, వెనకా ముందూ ఏమన్నారో వినండి. మూడో రోజు బదులు చెప్పడం: రికార్డింగును ఆ మాట దగ్గర ఆపి, మీరు బదులు పలకండి. నాలుగో రోజు, అయిదో రోజు మీ జీవితంలోంచే సందర్భాలు తీసుకుని పూర్తి వాక్యాలు చెప్పి ఫోనులో రికార్డు చేసుకోండి, అసలు గొంతుతో పోల్చి చూడండి. మిగతా రెండు రోజుల్లో నిజమైన సంభాషణలో ఒక్కదాన్ని, ఒక్కసారి వాడండి.

బొమ్మకట్టే జాతీయాలతో పాటు ‘రన్ ఔట్ ఆఫ్’, ‘ఫిగర్ ఔట్’, ‘ఎండ్ అప్’, ‘పుట్ ఆఫ్’, ‘కాల్ ఆఫ్’ వంటి జంట క్రియలకూ వారంలో చోటివ్వండి. మెరుపు తక్కువే అయినా మాట్లాడేటప్పుడు అడుగడుగునా అవసరమయ్యేవి ఇవే. ‘పుట్ ఆఫ్’ వాయిదా, ‘కాల్ ఆఫ్’ రద్దు. సమావేశం గురించి ఈ రెండూ తారుమారైతే ఎవరూ రారు.

10. తరచుగా జరిగే తప్పులు, దిద్దుబాట్లు

ఒకేచోట రెండు మూడు జాతీయాలు గుచ్చడం. దిద్దుబాటు: ఒకటి వాడాక కాసేపు మామూలు మాటలే.

దరఖాస్తుల్లో, ఫిర్యాదుల్లో వాడటం. దిద్దుబాటు: రాతపూర్వకమైన అధికారిక విషయాల్లో సూటి మాట. ‘కీప్ మీ పోస్టెడ్’ బదులు ‘ప్లీజ్ కీప్ మీ ఇన్‌ఫార్మ్డ్’.

పై అధికారి చనువుగా మాట్లాడారని మనమూ అదే స్థాయిలో బదులివ్వడం. దిద్దుబాటు: వారికంటే ఒక మెట్టు తక్కువ చనువుతో ఉండండి. వారు ‘స్పీక్ ఆఫ్ ద డెవిల్’ (ఇప్పుడే మీ గురించి అనుకుంటున్నాం, మీరే వచ్చారు) అని నవ్వుతూ ఆహ్వానించవచ్చు. కొత్త ఉద్యోగి పై అధికారిని అలా అనడం బాగుండదు.

‘వాటెవర్’, ‘కామ్ డౌన్’ అనడం. నిఘంటువులో నిరపాయంగా కనిపించే ఈ రెండూ గొడవలు పెంచుతాయి. దిద్దుబాటు: మొదటిదానికి ‘ఐదర్ ఈజ్ ఫైన్ విత్ మీ’. రెండోదానికి ‘ఐ అండర్‌స్టాండ్ వై యు ఆర్ అప్‌సెట్’.

అర్థం కాకపోయినా తల ఊపడం. అన్నిటికంటే నష్టం చేసేది ఇదే. ఒప్పుకోని విషయానికి ఒప్పుకున్నట్టవుతుంది. దిద్దుబాటుగా ఈ మూడు వాక్యాలు ఎప్పుడూ నోట్లో సిద్ధంగా ఉంచుకోండి:

- ‘సారీ, వాట్ డు యు మీన్ బై దట్?’ మాట అస్సలు తెలియనప్పుడు.
- ‘ఐ హావెంట్ హర్డ్ దట్ వన్ బిఫోర్.’ స్నేహితుల మధ్య. ఇలా అంటే వాళ్లే ఇష్టంగా వివరిస్తారు.
- ‘సో, జస్ట్ టు బి క్లియర్, వి ఆర్ పోస్ట్‌పోనింగ్ ఇట్, రైట్?’ పని విషయాల్లో. విన్నదాన్ని మీ మామూలు మాటల్లో పెట్టి, వాళ్లు అవునన్నాకే ముందుకు వెళ్లండి.